కోహో సాల్మన్‌కు ఏ ఎర, ఏ ల్యూర్? సముద్రపు ఒడ్డు నుంచి నది దాకా అంచెలంచెలుగా

ఆగస్టు వచ్చిందంటే సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "కోహోకి ఏ రంగు ల్యూర్ కొనాలి?" కోహో అంటే సాల్మన్ చేపల్లో ఒక రకం, ల్యూర్ అంటే దాన్ని మోసగించే బొమ్మ ఎర. షాపుకెళ్తే గోడ నిండా వందల రకాలు వేలాడుతుంటాయి. ఏది తీసుకోవాలో తెలియక సంచీ నిండా కొనుక్కొస్తారు. వాటిలో నీళ్లు చూసేవి రెండో మూడో.

రంగు సంగతి ఆఖరున చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది చేప ఎక్కడుంది, ఆకలి మీద ఉందా లేదా అన్నది. అది తేలితే సగం గోడ దానంతటదే పక్కకి పోతుంది. ఇక్కడ చెప్పేదంతా వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ, దాంట్లో కలిసే నదుల గురించే.

## 1. చేప ఏ దశలో ఉందో చూసుకోండి

గోదావరి జిల్లాల వాళ్లకి ఇది ఎక్కువ వివరించక్కర్లేదు. వరద నీటికి పులస సముద్రం వదిలి గోదారికి ఎదురీదినట్టే, కోహో కూడా గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికి తిరిగొస్తుంది. దారిలో దాని తిండి, తీరు రెండూ మారిపోతాయి. ఎర కూడా దాన్నిబట్టే మారాలి.

జూన్, జూలై. బయటి సముద్రానికి పోకుండా ప్యూజెట్ సౌండ్‌లోనే పెరిగే చిన్న కోహోలు దొరుకుతాయి. ఇవి ఎక్కువగా క్రిల్ తింటాయి, అంటే రొయ్యల్లాంటి బుల్లి జీవులు. కాబట్టి ల్యూర్ కూడా చిన్నదే ఉండాలి. గులాబీ రంగు బాగా పనిచేస్తుంది.

ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా. బయటి సముద్రం నుంచి పెద్దవి దిగుతాయి. ఆరు నుంచి పన్నెండు పౌండ్లు మామూలే. హెర్రింగ్, శాండ్ లాన్స్ లాంటి చిన్న చేపల్ని వెంటాడి తింటాయి. ఎర సైజు మూడు నుంచి ఐదు అంగుళాలు.

సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ దాకా. నదిలోకి ఎక్కుతుంది. ఇక తిండి మానేస్తుంది. ఇక్కడ అది ఎరని నోట పట్టేది ఆకలితో కాదు, చిరాకుతోనో పాత అలవాటుతోనో. దాని ముక్కు ముందు నుంచి ఏదో రెచ్చగొడుతూ పోవాలి.

దొరికిన మొదటి చేపని శుభ్రం చేసేటప్పుడు కడుపు కోసి చూడండి. లోపల గులాబీ రంగు ముద్దలా ఉంటే క్రిల్. వెండి రంగు సన్నటి చేపలుంటే శాండ్ లాన్స్. ఆ రోజు పెట్టెలోంచి ఏం తీయాలో అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

## 2. కొనే ముందు రూల్స్ చదవండి

చాలామంది ల్యూర్ కొన్నాక రూల్స్ చూస్తారు. అది తిరగేసి చేయాలి, ఎందుకంటే ఏ ఎర వాడొచ్చో చాలాచోట్ల రూలే చెప్పేస్తుంది.

- 15 ఏళ్లు, అంతకు పైబడ్డవాళ్లకి లైసెన్స్ కావాలి. సాల్మన్‌కి క్యాచ్ రికార్డ్ కార్డ్ కూడా ఉండాలి. చేపని ఉంచుకుంటే వెంటనే అందులో రాయాలి.
- ప్యూజెట్ సౌండ్‌లో సాల్మన్‌కి ఒకే మొన, వెనక్కి తిరిగిన ముల్లు లేని బార్బ్‌లెస్ హుక్ మాత్రమే వాడాలి. షాపులో ల్యూర్‌కి మూడు మొనల హుక్ ఉంటే దాన్ని తీసేసి సివాష్ అనే ఒంటి హుక్ వేసుకోవాలి.
- కొన్ని నదుల్లో "సెలెక్టివ్ గేర్" రూల్ ఉంటుంది. అక్కడ హెర్రింగ్, చేప గుడ్లు లాంటి తిండి ఎర నిషేధం. వాసన పూసిన ప్లాస్టిక్ ల్యూర్ కూడా ఈ రాష్ట్రంలో ఎర కిందికే వస్తుంది. చాలామంది దొరికిపోయేది ఇక్కడే.
- చాలాచోట్ల అడిపోజ్ ఫిన్, అంటే వీపు మీద తోకకి దగ్గర్లో ఉండే చిన్న కండ రెక్క, కత్తిరించి ఉన్న, హేచరీలో పెంచి వదిలిన చేపనే ఉంచుకోవాలి. ఆ రెక్క ఉంటే నీళ్లలోనే వదిలేయాలి.
- హుక్ నోటి లోపల కాకుండా వీపుకో పొట్టకో దిగితే, అది ఎంత పెద్ద చేపైనా వదలాల్సిందే.

సీజన్లు ప్రతి ఏడాదీ మారతాయి, సీజన్ మధ్యలో కూడా మూసేస్తారు. బయల్దేరే రోజు పొద్దున్నే రాష్ట్ర చేపల శాఖ వాళ్ల "ఫిష్ వాషింగ్టన్" యాప్‌లో మీరు వెళ్లే ఏరియా నంబర్ చూసుకోండి. సియాటిల్ ముందున్న నీళ్లు మెరైన్ ఏరియా 10, ఎవరెట్ వైపు 8-2, టకోమా వైపు 11. పోయిన వారం ఫ్రెండు చెప్పాడని వెళ్తే ఫైన్ కట్టేది మీరే.

హుక్‌కి ముల్లు పోయిందో లేదో చూడటం తేలిక. ప్లయర్స్‌తో నొక్కాక పాత కాటన్ టీషర్టులో గుచ్చి వెనక్కి లాగండి. బట్ట తగులుకోకుండా వస్తే సరే. పట్టుకుంటే మళ్లీ నొక్కండి.

## 3. ఒడ్డు మీద నుంచి: బజ్ బాంబ్, రోటేటర్

కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం. పడవ ఖర్చు లేదు. వెస్ట్ సియాటిల్‌లో లింకన్ పార్క్, ఎడ్మండ్స్ దగ్గర మరీనా బీచ్, విడ్బీ దీవిలో బుష్ పాయింట్, కిట్సాప్ వైపు పాయింట్ నో పాయింట్. ఇలాంటిచోట్ల లోతైన నీళ్లు ఒడ్డుకి దగ్గర్లోనే ఉంటాయి, చేప మీ విసురుకి అందే దూరంలో తిరుగుతుంది.

కావాల్సినవి:

- తొమ్మిది అడుగుల అటూ ఇటూ మీడియం రాడ్, 4000 సైజు స్పిన్నింగ్ రీల్
- 20 నుంచి 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) లైన్
- 12 నుంచి 15 పౌండ్ల లీడర్ (లైన్ కొసన కట్టే దారం), మూడు నాలుగు అడుగులు
- బజ్ బాంబ్ రెండు: ఒకటి తెలుపు-ఆకుపచ్చ, ఒకటి గులాబీ
- రోటేటర్ ఒకటి

బజ్ బాంబ్ అంటే వజ్రం ఆకారంలో ఉండే సీసపు ముక్క. లైన్ దాని మధ్య బొక్కలోంచి పోతుంది. హుక్ దానికి అతికి ఉండదు, కింద విడిగా కడతాం. ల్యూర్‌కీ ముడికీ మధ్య చిన్న రబ్బరు గొట్టం ముక్క వస్తుంది. ప్యాకెట్‌లో దాన్ని చూసి "ఇదేదో ఎక్స్‌ట్రా" అని పారేయకండి. అది లేకపోతే లోహం ప్రతి విసురుకీ ముడిని కొడుతూ ఉంటుంది, సరిగ్గా పెద్ద చేప పడ్డప్పుడే ముడి తెగుతుంది.

వరస ఇది:

1. దూరంగా విసరండి. గాలికి ఎదురైతే బరువైన ల్యూర్ వేయండి.
2. మనసులో అంకెలు లెక్కపెడుతూ మునగనివ్వండి. మొదటిసారి ఐదు, తర్వాత ఎనిమిది, పది. చేప తగిలిన లెక్కని గుర్తుపెట్టుకోండి, అదే ఆ పూట లోతు.
3. రాడ్ మొనని పైకి ఎత్తండి, ల్యూర్ మళ్లీ పడుతున్నప్పుడు మొనని దించుతూ రీల్ తిప్పండి.
4. ఎత్తడం, దించడం ఇలా ఒడ్డు దాకా. చేప ఎక్కువసార్లు పట్టేది ల్యూర్ కిందికి గింగిరాలు తిరుగుతూ పడేటప్పుడే. లైన్ అకస్మాత్తుగా వదులైనా, ఆగినా లాగేయండి.
5. ప్రతి విసురు తర్వాత హుక్ చూసుకోండి. ఒక్క నాచు పోచ తగులుకున్నా కోహో దాన్ని ముట్టదు.

నీళ్ల మీద చేప ఎగిరితే సరిగ్గా అక్కడే విసరడం అందరూ చేసే పొరపాటు. మీ లైన్ పడేసరికి అది ముందుకి పోయి ఉంటుంది. ఎటు పోతోందో చూసి నాలుగైదు గజాలు ముందుకి వేయండి.

రోటేటర్‌ని ఎత్తి దించక్కర్లేదు, ఆగకుండా ఒకే వేగంతో చుట్టుకుంటే చాలు, దానంతటదే తిరుగుతుంది. పిల్లలతో వెళ్తే వాళ్ల చేతికి ఇదే ఇవ్వండి.

## 4. బెండు కింద హెర్రింగ్

పియర్ మీద నుంచి వేసేటప్పుడు, అలలు తక్కువున్నప్పుడు దీన్ని మించింది లేదు. మన చెరువు గాలానికి బెండు కట్టే పద్ధతే. వానపాము బదులు హెర్రింగ్, గుండుసూదంత బెండు బదులు జారే పెద్ద బెండు.

మంచి హెర్రింగ్ ఎంచుకోవడమే సగం పని. ఫ్రోజెన్ ట్రేలో పొలుసులు ఊడకుండా, కళ్లు తేటగా, పొట్ట చిట్లకుండా ఉండాలి. పొట్ట దగ్గర పసుపు తిరిగితే పాతబడిందని అర్థం. కోహోకి నాలుగైదు అంగుళాలది చాలు. షాపులో ప్యాకెట్లకి సైజుని బట్టి రంగు లేబుళ్లుంటాయి, చిన్నవి అడిగి తీసుకోండి. అవి దొరక్కపోతే మన నెత్తళ్ల జాతి ఆంకొవీ కూడా పనికొస్తుంది.

ముందు రోజు రాత్రి ఉప్పునీళ్లలో వేయాలి. ఇది చేయకపోతే రెండు విసుర్లకే ఎర మెత్తబడి ఊడిపోతుంది.

1. కుళాయి నీళ్లని ముందే ఓ గిన్నెలో తీసి పక్కన పెట్టండి, క్లోరిన్ పోతుంది.
2. అయోడిన్ లేని కల్లుప్పు కరిగినంత కలపండి. అడుగున కొంచెం కరగకుండా మిగిలితే సరిపోయినట్టే.
3. హెర్రింగ్ సగం గడ్డకట్టి ఉండగానే అందులో వేసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.
4. పొద్దున ఐస్ పెట్టెలో సర్దుకోండి. ఎండలో డబ్బా మూత తీసి పెట్టొద్దు.

పట్టి చూస్తే రబ్బరులా గట్టిగా, పొలుసులు మెరుస్తూ ఉండాలి. వేలితో రుద్దితే పొలుసు చేతికంటుకుంటుంటే ఉప్పు చాలలేదు.

కట్టే వరస, పై నుంచి కిందికి: లైన్ మీద స్టాపర్ ముడి, పూస, జారే బెండు, ఒకటి రెండు ఔన్సుల సీసం, స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే కొక్కెం), నాలుగైదు అడుగుల లీడర్, దాని చివర రెండు హుక్కులు. స్టాపర్ ముడిని జరుపుకుంటే లోతు మారుతుంది. ఎనిమిది పది అడుగులతో మొదలుపెట్టండి.

పై హుక్‌ని హెర్రింగ్ కింది దవడ నుంచి తలపైకి గుచ్చండి, నోరు మూసుకుపోవాలి. కింది హుక్‌ని వీపు రెక్క వెనక, పక్కకి గుచ్చండి. రెండింటి మధ్యా లీడర్ కొంచెం బిగించి చేప ఒంపు తిరిగేలా చూడండి. ఆ ఒంపు వల్లే ప్రవాహంలో అది తిరుగుతుంది. మీ కాళ్ల దగ్గర నీళ్లలో ఓసారి లాగి చూడండి. కోహోకి బిగువుగా, వేగంగా తిరగాలి. నెమ్మదిగా పెద్ద చుట్లు తిరిగితే ఒంపు సరిచేయండి.

బెండు ఒక్కసారిగా మునిగితే తడబడొద్దు. వదులు లైన్ చుట్టుకుని, బిగిసిన తర్వాత లాగండి.

## 5. పడవ మీద నుంచి

చార్టర్‌లో వెళ్తే సామానంతా వాళ్లే ఇస్తారు, కొనొద్దు. సొంత పడవో ఫ్రెండు పడవో అయితేనే ఇది చదవండి.

పడవ వెనక ఈడ్చేవి ఇవి: పదకొండు అంగుళాల ఫ్లాషర్ (మెరుస్తూ తిరిగే పలక), దాని వెనక హూచీ లేదా చిన్న స్పూన్ (చెంచా ఆకారపు లోహపు ల్యూర్). హూచీ అంటే ప్లాస్టిక్ స్క్విడ్. దానికి సొంత కదలిక లేదు, ఫ్లాషర్ ఈడ్చే ఊపే దానికి ప్రాణం. అందుకే లీడర్ పొట్టిగా, 28 నుంచి 36 అంగుళాలు పెట్టాలి. స్పూన్ తనంతట తాను ఈదుతుంది, దానికి 40 అంగుళాల పైనే ఇవ్వండి. ఈ రెండింటికీ ఒకే లీడర్ వాడి "చేపలే లేవు" అనేవాళ్లు చాలామంది.

పడవ వేగం గంటకి రెండున్నర నుంచి మూడున్నర మైళ్లు. చినూక్ అనే పెద్ద సాల్మన్‌కి వేసే వేగం కన్నా ఎక్కువ. తెల్లారుతుండగా పైనే, ఇరవై ముప్పై అడుగుల్లో మొదలుపెట్టి, ఎండ ఎక్కేకొద్దీ దించుతూ పోండి.

నేరుగా నడపొద్దు, మెలికలు తిప్పండి. మలుపులో లోపలి వైపు రాడ్ ల్యూర్ నెమ్మదించి కిందికి జారుతుంది, బయటి వైపుది వేగం పుంజుకుని పైకి వస్తుంది. ఏ వైపు రాడ్ వంగిందో చూస్తే వేగం పెంచాలో తగ్గించాలో తెలిసిపోతుంది.

## 6. నదిలో: రెచ్చగొట్టే ల్యూర్లు

స్కైకోమిష్, స్నోహోమిష్, గ్రీన్, స్కాజిట్. ఏ నదైనా కోహో వేగంగా పారే నీళ్లలో ఎక్కువ నిలవదు. ఒడ్డు వంపు తిరిగిన చోట, కూలిన చెట్ల పక్కన, దాదాపు కదలకుండా ఉండే నాలుగు నుంచి ఎనిమిది అడుగుల నీళ్లు వెతకండి. మిగతావాళ్లు వదిలేసి పోయే ఆ మడుగుల్లోనే గుంపుగా ఉంటాయి.

తెల్లవారుజామున స్పిన్నర్, అంటే లాగితే గిరగిరా తిరిగే రేకు ఉన్న ల్యూర్. వైబ్రాక్స్ అనే రకంలో నాలుగో సైజు నాకు ఎప్పుడూ పెట్టెలో ఉంటుంది. అడ్డంగా విసిరి, రేకు తిరగడానికి ఎంత అవసరమో అంతే నెమ్మదిగా చుట్టండి. రేకు కొట్టుకునే సన్నటి అదురు చేతికి తెలుస్తుంది. ఆ అదురు ఆగిందంటే ఆకు తగులుకుంది, లేకపోతే చేప వెనకనుంచి పట్టింది.

ఎండ పడ్డాక ట్విచింగ్ జిగ్. పొద్దున కనబడ్డ చేపలన్నీ అక్కడే ఉంటాయి కానీ నోరు తెరవవు. అప్పుడు ఇది తీయండి. సీసపు తల, వెనక కుందేలు బొచ్చో మారబూ ఈకలో, బరువు ఔన్సులో ఎనిమిదింట మూడు వంతులు. నలుపు-ఊదా ఒకటి, గులాబీ ఒకటి ఉంటే సీజన్ గడిచిపోతుంది.

1. ఏడున్నర అడుగుల రాడ్, 30 పౌండ్ల బ్రెయిడ్, కొసన రెండు మూడు అడుగుల లీడర్.
2. విసిరి దాదాపు నది అడుగుభాగం దాకా మునగనివ్వండి.
3. మణికట్టుతో రాడ్ మొనని చటుక్కున పైకి విదిలించండి. చేయంతా ఊపక్కర్లేదు.
4. వెంటనే మొన దించండి. లైన్ మరీ వదులవకుండా, మరీ బిగవకుండా జిగ్ పడాలి.
5. చుట్టు తిప్పి మళ్లీ విదిలించండి. లయ మారుస్తూ ఉండండి: రెండు చిన్నవి, ఒక పెద్దది.

చాలామంది మూడో అడుగు బాగా చేసి నాలుగో అడుగు చెడగొడతారు. లైన్ బిగబట్టి ఉంచితే జిగ్ పడదు, ఊగుతుంది. చేప పట్టేది అది పడేటప్పుడే.

చిన్న స్పూన్. స్నోహోమిష్, స్కైకోమిష్ వైపు డిక్ నైట్ అనే గోరంత స్పూన్‌కి మంచి పేరుంది. సగం ఇత్తడి, సగం వెండి రంగుది. ఇంత చిన్నదానికి పెద్ద చేప పడుతుందా అని చూడగానే అనుమానం వస్తుంది. పడుతుంది, కాకపోతే సన్నటి లీడర్ మీదే. మందపు లైన్ కడితే అది ఆడదు.

బెండు కింద చేప గుడ్లు. ఎర వాడనిచ్చే నదుల్లో, పూర్తిగా నిలవ నీళ్లలో ఇదే మొదటి మాట. ముందు పట్టిన ఆడ సాల్మన్ గుడ్లని పొర చెక్కుచెదరకుండా తీసి, రక్తనాళాలు నొక్కి శుభ్రం చేయాలి. బోరాక్స్, అయోడిన్ లేని ఉప్పు, పంచదార కలిపిన పొడి చల్లి, సీసాలో వేసి ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచాలి. తర్వాత నీరు వంపేసి, ఆరబెట్టి, బొటనవేలు గోరంత ముక్కలు కోసుకోవాలి. సీసా మీద పెద్ద అక్షరాలతో "ఎర, తినొద్దు" అని రాయండి. ఊరగాయ పక్కన పెడితే ఇంట్లో జరిగేదానికి నా పూచీ లేదు.

## 7. ఇప్పుడు రంగు

లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లలో మొదట మాయమయ్యేది ఎరుపు. ఆకుపచ్చ, నీలం చాలా లోతు దాకా నిలుస్తాయి. దీన్నిబట్టే మొత్తం:

- ఎండ, తేట నీళ్లు: వెండి, నీలం, తెలుపు. నదిలో నలుపు, ఊదా.
- మబ్బు, తెల్లవారుజాము, లోతు: మెరిసే లేత ఆకుపచ్చ, చీకట్లో వెలిగే తెలుపు.
- వాన తర్వాత మట్టి నీళ్లు: గులాబీ, నారింజ, ఒక సైజు పెద్దది.
- బేసి సంవత్సరాల్లో పింక్ సాల్మన్ విరగబడి వస్తుంది. గులాబీ ల్యూర్ వేస్తే అవే ఎక్కువ తగులుతాయి. కోహోనే కావాలంటే ఆకుపచ్చకి మారండి.

రంగు మార్చే ముందు లోతు మార్చండి. అప్పటికీ లేకపోతే వేగం. ఆ తర్వాత సైజు తగ్గించండి. రంగు నాలుగోది.

## 8. ఎక్కడ తేడా కొడుతోంది, ఏం చేయాలి

వెంటపడుతున్నాయి, పట్టడం లేదు. చుట్టే వేగం అకస్మాత్తుగా పెంచండి. కోహో తప్పించుకుపోయేదాన్ని చూసి ఆగలేదు. నెమ్మదించడం చాలాసార్లు పని చెడగొడుతుంది.

పట్టి ఊడిపోతున్నాయి. బార్బ్‌లెస్ హుక్‌కి లైన్ వదులైతే అంతే. కోహో గింగిరాలు తిరుగుతుంది, మీ వైపే దూసుకొస్తుంది. రాడ్ వంగి ఉండేలా గబగబా చుట్టండి. హుక్ మొనని గోరు మీద పెట్టి జరపండి. జారిపోతే మొన మొద్దుబారింది, మార్చేయండి.

హెర్రింగ్‌ని డాగ్‌ఫిష్ తినేస్తోంది. ఈ చిన్న సొరచేప అడుగున తిరుగుతుంది. ఎరని మూడు నాలుగు అడుగులు పైకి తెచ్చుకోండి.

పక్కవాడికి పడుతోంది, నాకు లేదు. అతని ల్యూర్ రంగు చూడటం మానేసి, విసిరాక ఎంతసేపు మునగనిస్తున్నాడో చూడండి.

చేతి వాసన. సన్‌స్క్రీన్, పెట్రోల్, పొద్దున తిన్న పచ్చడి నూనె, ఇవన్నీ ఎరకి అంటుతాయి. ఎర ముట్టే ముందు వాసన లేని సబ్బుతో కడుక్కోండి. సన్‌స్క్రీన్ చేయి వెనక వైపుతో రాసుకోండి.

పట్టింది కోహోనా, చినూకా? నోరు తెరిచి కింది చిగుళ్లు చూడండి. పళ్ల మొదట్లో తెల్లగా ఉంటే కోహో, నల్లగా ఉంటే చినూక్. తోకలో పై సగం మీదే మచ్చలుంటే కోహో, రెండు సగాల మీదా ఉంటే చినూక్. సందేహం తీరేదాకా చేపని నీళ్లలోంచి తీయొద్దు.

## 9. బయల్దేరే ముందు

- యాప్‌లో ఈ రోజు రూల్ చూశారా? స్క్రీన్‌షాట్ తీసుకోండి, చాలా బీచ్‌లలో సిగ్నల్ సరిగా ఉండదు.
- లైసెన్స్, క్యాచ్ కార్డ్, రాయడానికి పెన్ను
- ముడులు లేని వల గుడ్డతో చేసిన నెట్ (మామూలు నెట్ సాల్మన్‌కి కుదరదు)
- ప్లయర్స్, రెండు స్పేర్ సివాష్ హుక్కులు
- ఒడ్డుకైతే: ఆకుపచ్చ, గులాబీ బజ్ బాంబ్‌లు, స్పేర్ రబ్బరు గొట్టాలు
- పియర్‌కైతే: రాత్రి ఉప్పులో వేసిన హెర్రింగ్, ఐస్ పెట్టె
- నదికైతే: నాలుగో సైజు స్పిన్నర్, నలుపు-ఊదా జిగ్, మెరుపు తగ్గించి నీళ్లలోకి చూడనిచ్చే పోలరైజ్డ్ కళ్లద్దాలు
- చేప పడితే వెంటనే మొప్పలు కోసి రక్తం కార్చడానికి పదునైన కత్తి, పెట్టడానికి సరిపడా ఐస్